నోరు తెరవలేని సాక్షి

"సాయంత్రం ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తారు ఆంటీ. నాన్న సైన్ చేసేశాడు."

సాన్వి గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది. యానిమల్ షెల్టర్‌లో చివరి బోను ముందు నేలమీద కూర్చుని, కమ్మీల మధ్యనుంచి వేళ్ళు లోపలికి పెట్టింది. లోపలున్న కుక్క లేచి, బరువుగా అడుగులేసుకుంటూ వచ్చి, ఆ వేళ్ళకి తల ఆనించింది.

దాని పేరు లడ్డూ. మాస్టిఫ్ జాతి. నిలబడితే సాన్వి నడుం దాకా వస్తుంది. బోనుకి ఎర్ర అట్ట వేలాడుతోంది, ప్రమాదకరమైన కుక్క అని.

విద్య ఆ అట్టనీ కుక్కనీ మార్చి మార్చి చూసింది. ఆమె ప్రైవేట్ డిటెక్టివ్. పెళ్ళికి ముందు గుంటూరులో పళ్ళ డాక్టరు. అమెరికాలో ఈ బాతెల్ ఊరికి వచ్చాక, ఇక్కడ మళ్ళీ డెంటిస్ట్ కావాలంటే చదువు దాదాపు మొదటికొస్తుందని తెలిసి నీరసపడింది. ఇన్సూరెన్స్ కేసుల్లో దంతాల రిపోర్టులు చూసిపెట్టే పనికి కుదిరి, అట్నుంచి అటే ఈ వృత్తిలో పడింది.

"ఆ రోజు ఏం జరిగిందో నువ్వు విన్నది విన్నట్టు చెప్పు," అంది.

"నేను కాలేజ్‌లో ఉన్నాను. తాతగారు బ్యాక్‌యార్డ్‌లో పడిపోయి ఉన్నారట. కుడి చేయి మోచేతి కింద అంతా నలిగిపోయింది. లడ్డూ ఆయన మీద పడుకుని ఏడుస్తోందట. ఆ ఏడుపు విని పక్కింటి ఆంటీ వచ్చి 911కి కాల్ చేసింది. లడ్డూ మూతి నిండా బ్లడ్..."

సాన్వి తాతగారు సూర్యప్రకాశరావు రిటైరైన ప్రొఫెసర్. ఏ జంతువు ఎంత బలంతో కొరుకుతుంది, మనిషి దవడ ఎంత బరువుకి ఆగుతుంది అన్నదే ఆయన జీవితమంతా చేసిన పరిశోధన. రిటైరయ్యాక కూడా ఇంటి గరాజ్‌లో ఒక కొరికే యంత్రం పెట్టుకుని పనిచేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు. రక్తం పోయి ఒకసారి గుండె ఆగి, మళ్ళీ కొట్టుకుంది. స్పృహ మాత్రం ఇంకా రాలేదు.

"లడ్డూ ఇంతకుముందు ఎవర్నయినా కరిచిందా?"

"నెవర్! బాల్ వేసినా నోటితో పట్టుకోదు. తాతగారు దానికి అన్నం, చికెన్ మిక్సీలో వేసి పెట్టేవారు. ఓల్డ్ కదా, బేబీలా చూసుకుంటున్నారని మేం నవ్వేవాళ్ళం."

విద్య నోట్లోంచి రాబోతున్న తర్వాతి ప్రశ్న ఆగిపోయింది. "మిక్సీలోనా?"

ఆమె మోకాళ్ళమీద కూర్చుని కుక్క తలని దగ్గర్నుంచి చూసింది. మాస్టిఫ్ తలంటే పైన రెండువైపులా దవడ కండలు ఉబ్బి ఉండాలి. లడ్డూకి అక్కడ గుంటలున్నాయి. కళ్ళ వెనకభాగం లోపలికి పీక్కుపోయి, చర్మం ఎముకకి అంటుకుపోయింది.

షెల్టర్ వెటర్నరీ డాక్టర్‌ని పిలిపించింది. నెరిసిన జుట్టున్న ఆ అమెరికన్ డాక్టరమ్మ బోనులోకి వెళ్ళి, లడ్డూ పెదవులు పైకెత్తి, దవడలు విడదీయబోయింది. కుక్క గింజుకోలేదు. మూలిగింది, అంతే. దాని నోరు రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుని అక్కడితో బిగుసుకుపోయింది. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. శరీరమే తన దవడ కండల్ని తినేసే జబ్బు ఒకటుందనీ, ఇది అదే అయి ఉంటుందనీ చెప్పింది. ప్రమాదకరమని రాసి ఉండటంతో లోపలికి మెత్తటి తిండి గిన్నె తోయడమే తప్ప, ఇన్నాళ్ళూ ఎవరూ దీని నోరు తెరిచి చూడలేదని ఒప్పుకుంది.

"మళ్ళీ మీరేనా ఆంటీ?"

వెనకనుంచి వచ్చిన గొంతు డిటెక్టివ్ కౌస్తుభ్‌ది. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. పోలీస్ శాఖలో చేరి త్వరగా పైకొచ్చాడు. లోగడ ఒక కేసులో విద్య అతని రిపోర్టుని కోర్టులో తప్పని తేల్చింది. అది ఇంకా అరగలేదు.

"పని మీద ఉన్నప్పుడు ఆంటీ అనకు కౌస్తుభ్. ఈ కుక్క ఎవర్నీ కరవలేదు."

"డాగ్ మౌత్‌లో బ్లడ్ ఉంది. చేతి మీద నాలుగు కోరపళ్ళ మార్క్స్ ఉన్నాయి. స్పాట్‌లో ఇంకెవరూ లేరు. కేస్ క్లోజ్ అయింది."

"మౌత్‌లో కాదు, మూతి మీద. నీ ఫోటోలే చూడు. గడ్డం కింద, రొమ్ము మీద, నాలుక మీద ఉంది. చిగుళ్ళ సందుల్లో ఉందా? అది గాయాన్ని నాకింది. దాని నోరు రెండు వేళ్ళకి మించి తెరుచుకోదు. అంత లావు చెయ్యి అందులో ఎలా పడుతుంది?"

కౌస్తుభ్ డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను తగ్గలేదు. "అప్పుడు బాగానే ఓపెన్ అయ్యేదేమో. తర్వాత వర్స్ అయిందేమో. మీకు తెలుసా?"

"తెలీదు. సరే, ఇంకోటి అడుగుతా. ఆయన చేతికి నెత్తురు ఆగడానికి గుడ్డతో కట్టు కట్టి ఉంది. ఎవరు కట్టారు?"

"ఆయనే. లెఫ్ట్ హ్యాండ్‌తో చుట్టి, టీత్‌తో నాట్ టైట్ చేశారు. రిపోర్ట్‌లో రాశాను."

"ఏ పళ్ళతో?"

కౌస్తుభ్ కనుబొమలు ముడిపడ్డాయి.

"తాతగారివి కట్టుడు పళ్ళు," అంది సాన్వి మెల్లగా. "పైన, కింద, రెండూ. రాత్రి గ్లాస్‌లో పెడతారు."

"సొంత పళ్ళున్న మనిషి దవడ పళ్ళతో డెబ్భై కిలోల బరువంత గట్టిగా నొక్కగలడు," అంది విద్య. "కట్టుడు పళ్ళ మనిషి అందులో నాలుగో వంతు నొక్కితే గొప్ప. అలాంటాయన గుడ్డ కరిచిపట్టి లాగితే ముడి బిగియదు, పళ్ళ సెట్టే ఊడొస్తుంది. సర్జన్ ఆ ముడిని విప్పలేక కత్తెరతో కోశాడట. అది రెండు చేతులూ ఆడుతున్న మనిషి వేసిన ముడి. అక్కడ ఇంకొకరున్నారు కౌస్తుభ్. చెయ్యి నలిగినప్పుడు ఉన్నారు, ఆయన చచ్చిపోకూడదనుకున్నారు."

కౌస్తుభ్ వాచీ చూసుకున్నాడు. తర్వాత, "సాన్వి ఫాదర్ మిస్టర్ అనీష్ సైన్ చేసిన ఆర్డర్ అది. ఒక నాట్ కోసం ఆపలేను. ఈవెనింగ్ దాకా టైం ఉంది, ప్రూవ్ చేయండి," అన్నాడు. అన్నాడే గానీ, విద్య కారు ప్రొఫెసర్ ఇంటి ముందు ఆగేసరికి అతని కారు కూడా వెనకే వచ్చి ఆగింది.

గరాజ్ తలుపెత్తగానే బ్లీచ్ వాసన గుప్పుమంది. మధ్యలో ఉక్కు చట్రం, దాన్లో పెద్ద కుక్క పుర్రెని అచ్చుతీసి పోతపోసిన లోహపు దవడలు. పక్కన ఆయిల్ పంపు. దవడలు ఎంత బలంతో మూసుకోవాలో నిర్ణయించే స్విచ్చుల పెట్టె మాత్రం దూరంగా, ఎదుటి గోడకి ఉంది.

"అంత దూరం ఎందుకు?" అనడిగింది విద్య.

"సేఫ్టీ. స్విచ్ నొక్కేవాళ్ళ చేయి ఎప్పుడూ దవడల దగ్గర ఉండకూడదని తాతగారి రూల్."

"అంటే దవడల మధ్య చేయి పెట్టిన మనిషి తనే స్విచ్ నొక్కలేడు."

కౌస్తుభ్ చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆయన యార్డ్‌లో దొరికారు. గరాజ్‌లో కాదు."

విద్య అరల వెంట చూసుకుంటూ వెళ్ళింది. పంపు పక్కన ఒక స్టీలు గిన్నెలో రెండు చిన్న వినికిడి యంత్రాలు కనిపించాయి. "సాన్వీ, మీ తాతగారు వీటిని ఎప్పుడు తీస్తారు?"

"పడుకునేటప్పుడు. లేదా పంప్ ఆన్ చేసేటప్పుడు. ఆ సౌండ్‌కి చెవిలో పిన్నులు గుచ్చినట్టు ఉంటుందనేవారు. పంప్ ఆపగానే మళ్ళీ పెట్టేసుకుంటారు." చెబుతూ చెబుతూ ఆ పిల్ల ఆగిపోయింది. "ఆంటీ, ఆయన మళ్ళీ పెట్టుకోలేదు."

"పెట్టుకునే అవకాశం రాలేదు."

విద్య చట్రం మీద వేలితో రాసింది. నల్లటి జిడ్డు అంటింది. దవడల మీద రాస్తే వేలు శుభ్రంగా వచ్చింది. ఇన్నేళ్ళుగా వాడుతున్న యంత్రానికి నిన్న మొన్న పోతపోసినట్టున్న పళ్ళు! "ఈ మెషీన్‌తో మీ తాతగారి ఫోటో ఉందా నీ దగ్గర?"

సాన్వి ఫోన్‌లో వెతికి చూపించింది. ఎవరిదో పుట్టినరోజు. పిల్లలంతా చుట్టూ మూగి ఉన్నారు. ప్రొఫెసర్ యంత్రానికి చెరకుగడ తినిపిస్తున్నాడు. అందరూ పగలబడి నవ్వుతున్నారు. విద్య ఫోటోని పెద్దది చేసింది. కింది దవడలో ఒక కోరపన్ను కొస విరిగి మొండిగా ఉంది.

"అవును, అది విరిగింది," అంది సాన్వి. "మార్చమంటే, నా పళ్ళకన్నా ఇవి నయం అనేవారు."

విద్య కౌస్తుభ్ వైపు తిరిగింది. "గాయం ఫోటో చూపించు."

అతను ఇష్టం లేకుండానే టాబ్లెట్ తెరిచాడు. మూడు కోరల గుంటలు లోతుగా దిగాయి. నాలుగోది పైపైన నొక్కుకుని ఆగింది. అతను వేలితో పక్కకి జరిపి, అరెస్టయిన దొంగకి తీసినట్టు లడ్డూకి పెదవులు లాగి తీసిన ఫోటోలు చూశాడు. నాలుగు కోరలూ మొనదేలి, నిక్షేపంలా ఉన్నాయి.

"ఇంకోటి చూడు," అంది విద్య. "కుక్క కరిచి ఊరుకోదు, తల విదిలిస్తుంది. కండ చీలుతుంది. ఇక్కడ పళ్ళు తిన్నగా దిగి తిన్నగా పైకొచ్చాయి."

కౌస్తుభ్ రెండు ఫోటోల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇది నేను చూసి ఉండాల్సింది. నేను చూడలేదు," అన్నాడు చివరికి. ఆ గొంతులో ఇందాకటి బిరుసు లేదు.

"ముసలాయన, పక్కన నెత్తురు మూతితో అంత పెద్ద కుక్క. ఎవరైనా అలాగే అనుకుంటారులే," అంది విద్య. "సాన్వీ, సర్జన్ ఇంకేమైనా చెప్పారా?"

"గాయంలోంచి గ్రే కలర్ ప్లాస్టిక్ ముక్కలు తీశారట. పూలకుండీ మీద పడి ఉంటారు, దాని పెచ్చులేమో అన్నారు."

విద్య పక్కతలుపు తీసి పెరట్లోకి చూసింది. గోడ వెంట వరసగా ఉన్నవన్నీ మట్టికుండీలే.

అప్పుడే ఇంటి ముందు ఒక వ్యాన్ ఆగింది. దిగినాయన గరాజ్‌లో పోలీసుని చూసి అడుగు వెనక్కేసి, మళ్ళీ ముందుకొచ్చాడు.

"శ్యామ్ అంకుల్," అంది సాన్వి. "మెషీన్ తన దగ్గర సేఫ్‌గా పెడతానని ఫోన్ చేశారు."

శ్యామ్‌సుందర్ ప్రొఫెసర్‌కి ఒకప్పటి శిష్యుడు. ఇప్పుడు సొంతంగా ఒక చిన్న కంపెనీ నడుపుతున్నాడు. అందులో పోలీసు కుక్కలకి శిక్షణ ఇచ్చేవాళ్ళు చేతికి తొడుక్కునే స్లీవ్‌లు తయారుచేస్తారు. పైన మందపాటి గుడ్డ, లోపల గట్టి ప్లాస్టిక్ డిప్ప. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, రోజుల తరబడి నిద్రలేనివాడిలా ఉన్నాడు.

"మాస్టారికి ఎలా ఉంది?" అనడిగాడు ముందు.

"మీరు హాస్పిటల్‌కి వెళ్ళలేదా శ్యామ్ గారూ?" అంది విద్య.

"వెళ్ళాను." ఆగాడు. "పార్కింగ్ దాకా."

కౌస్తుభ్ ముందుకి రాబోతే విద్య చేయి అడ్డం పెట్టింది.

"మీ స్లీవ్ లోపలి ప్లాస్టిక్ ఏ రంగు?"

"గ్రే. ఎందుకు?"

"ఆయన గాయంలో దొరికింది."

శ్యామ్‌సుందర్ చూపు యంత్రం మీదకి పోయి, అక్కడినుంచి నేలమీదకి దిగింది.

"నేను మిమ్మల్ని బెదిరించడానికి రాలేదు," అంది విద్య. గొంతు తగ్గించింది. "సర్జన్ ఏమన్నాడో ఒక్కటే చెబుతాను. ఆ కట్టు లేకపోతే అంబులెన్స్ వచ్చేసరికి మాస్టారు ఉండేవారు కాదట. ఆ కట్టు మీరే కట్టారు కదూ?"

అతను గోడకి చేరగిలబడి, అలాగే జారి కూర్చుండిపోయాడు.

"నా టవలే అది," అన్నాడు. "ఆయన నెల రోజులుగా చెబుతున్నారు, ఈ స్లీవ్ పనికిరాదురా అని. మేం ప్రతి టెస్ట్‌కీ కొత్తది పెట్టి చేశాం. అన్నీ పాస్. ఆయన ఒకే స్లీవ్‌ని మళ్ళీ మళ్ళీ కొరికించారు. కుక్క ఒక్కసారి కరిచి ఇంటికి పోతుందా, రోజూ అదే చోట కరుస్తుంది, లోపల కంటికి కనపడని పగుళ్ళొస్తాయి, ఒకరోజు గాజులా పగులుతుంది అన్నారు. నాకు కోపం వచ్చింది. అయితే నా చేయే పెడతా చూడండి అన్నాను. పెట్టాను కూడా. ఆయన నన్ను లాగేశారు. నీకు చంటిపిల్ల ఉంది, నువ్వు తప్పుకో అని తన చేతికి తొడుక్కున్నారు."

"మీరు వద్దనలేదా?"

"అన్నాను. తక్కువ బలంతో ఆపుతాంలేరా, చప్పుడు వింటే నీకే తెలుస్తుంది, అన్నారు. చెవి మిషన్లు తీసి గిన్నెలో పెట్టారు. నేను స్విచ్ దగ్గరికెళ్ళాను. ఆయన చెప్పిన దగ్గర ఏమీ కాలేదు. ఆయన ఆపమని చెయ్యెత్తారు." శ్యామ్‌సుందర్ ఎదుటి గోడ మీది స్విచ్చుల పెట్టె వైపు చూశాడు. "నేను చూశాను విద్య గారూ. చూసి కూడా ఇంకొంచెం పెంచాను. ఒక్క గీత. నా స్లీవ్ ఆగుతుందని ఆయనకి చూపిద్దామని."

సాన్వి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"కట్టు కట్టి కారు దాకా మోసుకెళదామనుకున్నాను. పెరట్లో ఆయన బరువు ఆగలేక పడిపోయాను. లడ్డూ వచ్చి ఆయన మీద పడుకుని ఊళ పెట్టింది. పక్కింటావిడ గేటు తీసుకుని వస్తూనే కుక్క, కుక్క అని అరిచింది. నేను గరాజ్ వెనక్కి తప్పుకున్నాను. అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉన్నాను. నేనేం అబద్ధం చెప్పలేదు. వాళ్ళు కుక్క అన్నారు. నేను కాదనలేదు. తర్వాత వచ్చి అన్నీ కడిగి, దవడలు మార్చాను."

"లడ్డూని చంపేస్తున్నారని మీకు తెలుసా అంకుల్?" అంది సాన్వి.

"తెలుసు," అన్నాడతను. ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాడు.

కౌస్తుభ్ అప్పటికే షెల్టర్‌కి ఫోన్ చేసి, ఆర్డర్ ఆపండి, రెస్పాన్సిబిలిటీ నాది అని చెబుతున్నాడు. ఫోన్ పెట్టేసి సాన్వి దగ్గరికొచ్చి, "వెళ్ళి తెచ్చుకో," అని మాత్రం అన్నాడు. ఆ పిల్ల పరుగెత్తింది.

విద్య మాత్రం కదల్లేదు. "శ్యామ్ గారూ, ఆ స్లీవ్‌లు బయట ఎవరి దగ్గరైనా ఉన్నాయా?"

శ్యామ్‌సుందర్ తలెత్తాడు. "ఒకటే. ట్రయల్‌కి ఇచ్చాం. మాస్టారికి ఇలా అయ్యాక వెనక్కి తెప్పిద్దామనుకున్నాను. అడిగితే ఎందుకంటారు, ఏం చెప్పాలి?" అతని చూపు కౌస్తుభ్ దగ్గర ఆగింది. "మీ పోలీసు కుక్కల యూనిట్‌కే ఇచ్చాం."

కౌస్తుభ్ మొహంలో రక్తం ఇంకిపోయింది. "మార్కస్..." అన్నాడు. "మా ట్రైనర్ మార్కస్ రోజూ అదే వేసుకుంటాడు. చాలా బాగుందని నాకు చెప్పాడు." ఫోన్ తీసి నొక్కాడు. మోగి మోగి వాయిస్‌మెయిల్‌కి పోయింది. మళ్ళీ నొక్కాడు. "ట్రైనింగ్‌లో ఉంటే ఫోన్ లాకర్‌లో పెట్టేస్తారు. ఇది ట్రైనింగ్ టైం."

యూనిట్ ఆఫీసుకి చేస్తే, మనిషిని పంపుతున్నామన్నారు. కౌస్తుభ్ ఆగలేదు. శిక్షణ మైదానం దగ్గర్లోనే ఉంది. ముగ్గురూ అతని కారెక్కారు. దారంతా శ్యామ్‌సుందర్ ఒక్క మాటే మాట్లాడాడు. "అదే చోట కరుస్తుంటే ముందు మోచేతి దగ్గరే పగులుతుంది. అక్కడ పెద్ద రక్తనాళం ఉంటుంది."

కారు ఆగకముందే మైదానం చివర మార్కస్ కనిపించాడు. ఎడమ చేతికి లావుపాటి స్లీవ్ తొడుక్కుని, కుక్కని కవ్విస్తూ అరుస్తున్నాడు. ఈ చివర హ్యాండ్లర్ పక్కన గోధుమరంగు పోలీసు కుక్క గొలుసు తెంచుకునేలా ఎగురుతోంది. కౌస్తుభ్ తలుపు తీసి అరిచిన అరుపూ, హ్యాండ్లర్ గొలుసు వదలడమూ ఒకేసారి జరిగిపోయాయి.

కుక్క బాణంలా దూసుకుపోయింది. హ్యాండ్లర్ కౌస్తుభ్ అరుపు విని తిరిగి చూశాడు. అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. కుక్కని వెనక్కి పిలిచాడు. అది వినే స్థితి దాటిపోయింది.

విద్య పక్కనుంచి ఎవరో గాలిలా వెళ్ళారు. శ్యామ్‌సుందర్! కంచె దూకి మైదానంలోకి పడ్డాడు. మార్కస్ దగ్గరికి వెళుతున్నాడనుకుంది విద్య. కాదు. కుక్కకి ఎదురుగా, అడ్డంగా, చేతులు ఊపుతూ, తెలుగులో ఏదేదో కేకలు పెడుతూ మార్కస్‌కి దూరంగా పరుగెడుతున్నాడు. నిలబడ్డ మనిషిని వదిలేసి కుక్క పరుగెత్తే మనిషి వెంటే పడుతుందని మాస్టారి శిష్యుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కుక్క పరుగు మధ్యలో మెడ తిప్పింది. ఒక్క వంపులో దారి మార్చుకుంది.

"శ్యామ్, కారు వైపు! కారు వైపు రా!" కౌస్తుభ్ గొంతు చించుకున్నాడు.

కంచె ఇంకా కొన్ని అడుగుల దూరమే ఉంది. దాటే వీలుంది. శ్యామ్‌సుందర్ దాటలేదు. దాటితే కుక్క మళ్ళీ మార్కస్ వైపు తిరుగుతుంది. అతను ఆగి, వెనక్కి తిరిగి, కాళ్ళు దూరంగా పెట్టి నిలదొక్కుకున్నాడు. చొక్కా చేతి బొత్తం ఊడిపోయి, కుడి చెయ్యి మోచేతి దాకా బోసిగా ఉంది.

ఆ చేతినే మెడకి అడ్డంగా పైకెత్తాడు. కుక్క నేల వదిలి ఎగిరింది.